కాపీలు కోకొల్లలు, మరి మూలం సంగతేంటి?

ఆఫీసు ట్యూబులైటు వెలుగుకి కూడా చక్కగా పూసే మొక్క ఆఫ్రికన్ వయొలెట్. అమెరికాలో ఉన్నవాళ్ళకైతే కిరాణా కొట్టులో కూడా కనిపిస్తూనే ఉంటుంది. "ఇంత చవగ్గా దొరికేదానికి వచ్చిన ముప్పేమిటి?" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్తాను.

అసలు వయొలెట్‌కీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. 1892లో, ఇప్పటి టాంజానియాలోని ఉసంబర కొండల్లో, వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్ ఇలేర్ అనే జర్మన్ అధికారి కంట పడింది. మరుసటేడే ఆయన పేరు మీద దీనికి సెయింట్‌పౌలియా అని పేరు పెట్టారు. (2015లో దీన్ని స్ట్రెప్టోకార్పస్‌లో కలిపేశారు, అది వేరే గోల.) 1920ల్లో లాస్ ఏంజెలెస్‌లో ఒక నర్సరీ, యూరప్ నుంచి తెప్పించిన విత్తనాలు మొలిపించి, వాటిలోంచి ఓ పది రకాలు ఏరింది. ఇవాళ మన కిటికీల్లో కనిపించే వేల రకాల్లో చాలావాటి వంశం అక్కడికే పోతుంది.

కాపీ చెయ్యడం బహు తేలిక. తొడిమతో సహా ఆకు తుంచి మట్టిలో గుచ్చితే చాలు, కొన్ని వారాల్లో పిల్లమొక్కలు. మన భాషలో కంట్రోల్ సీ, కంట్రోల్ వీ. ఒక్క చిమేరాల దగ్గరే ఈ ఆట సాగదు. గాలిపటం చక్రంలా చారలుండే ఆ పువ్వులు ఆకు నుంచి పెంచితే రావు, మామూలుగా పక్కన వచ్చే పిలకలే దిక్కు. వాటి ధర ఎక్కువగా ఉండేది అందుకే.

కానీ ఎన్ని కాపీలు తీసినా ఉన్నదే వస్తుంది, లేనిది రాదు కదా! కొత్త గుణం కావాలంటే పుప్పొడి అద్ది, కాయ పండేదాకా నెలల తరబడి ఆగాలి. ఆ గుణాలు ఉండేది అడవి జాతుల్లో. అవేమో టాంజానియా, కెన్యా కొండల్లో, చెట్ల నీడన తడిరాళ్ళ మీద, చిన్న చిన్న చోట్ల బతుకుతున్నాయి. చెట్లు కొట్టేస్తే ఎండ తగిలి రాయి ఆరిపోతుంది, మొక్క మాడిపోతుంది. కొన్ని జాతులు ఇప్పటికే అంతరించే అంచున ఉన్నాయి.

అందుకని అరుదైనవి పెంచేవాళ్ళకి నాదొక మనవి. పది సోకు రకాల మధ్య ఒక్క అడవి జాతికి చోటివ్వండి, అదీ నర్సరీలో పెంచిందే. పేరు చీటీ పోనివ్వకండి. "ఈ రకం నా ఒక్కడి దగ్గరే ఉంది" అని మురిసిపోకుండా ఇద్దరికి ఆకులివ్వండి. హైదరాబాదులో మే నెలలో రెండ్రోజులు ఏసీ ఆగితే మీ ఒక్కగానొక్క కుండీ గోవిందా! పక్కింటి పిన్నిగారికిచ్చిన ఆకే మీ బ్యాకప్.

అయితే మన కిటికీ ఎప్పటికీ అడవికి బదులు కాదు. బ్యాకప్ ఉంది కదా అని సర్వర్‌ని తగలబెట్టుకుంటామా? ఏమంటారు?