నీళ్లకు వాటమే తెలుసు

మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉండే పెద్దావిడ తుంటి ఎముక విరిగి మంచాన పడింది. డెబ్బై దాటిన మనిషి. తెల్లవారుజామున బాత్‌రూముకు వెళ్తూ గుమ్మం దగ్గర కాలు తట్టుకుని పడింది. మొన్నమొన్నటి దాకా అక్కడ మెట్టు లేదు. ఏళ్ల తరబడి ఆమె పాదాలకు అలవాటైన నేల అది, చీకట్లో కూడా నడిచేది. కొడుకు ఉద్యోగం పోయిందని ఆ ఇంట్లోవాళ్లు సిద్ధాంతిని పిలిపించారు. ఆయన గదులన్నీ తిరిగి, ఈశాన్యం మూల ఉన్న వాష్ బేసిన్ చూపించి, ఎంగిలి నీళ్లు ఆ మూల పడుతుంటే ఇంట్లో సంపాదన నిలవదన్నాడు. నెల తిరక్కుండానే బేసిన్ ఆ మూల నుంచి ఎదుటి మూలకు మారింది. దాని వెంట మెట్టూ వచ్చింది.

పరామర్శకు వెళ్తే బంధువొకాయన, "దోషం చాలాకాలంగా ఉందిగా, పోతూ పోతూ ఒక దెబ్బ తీసి పోయింది" అన్నాడు. ఆ మాట విన్నాక రాయకుండా ఉండలేకపోయాను.

మెట్టు ఎలా వచ్చిందో చెప్తాను. సివిల్ ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి, అది నాకు తెలిసిన సంగతి. అపార్ట్‌మెంట్లలో బాత్‌రూములు ఒకదాని మీద ఒకటి వస్తాయి. అందరి వాడకం నీళ్లూ డక్టులో నిలువుగా దిగే పైపులోనే కలవాలి. బేసిన్ ఆ డక్టుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. దూరం జరిపిన కొద్దీ పైపుకు వాటం ఇచ్చుకుంటూ పోవాలి. నలభై అడుగుల పొడవుకు ఒక అడుగు దిగాలన్నది మేము పాటించే లెక్క. పన్నెండు అడుగులు జరిపితే పైపు మూడున్నర అంగుళాలకు పైగా దిగాలి. గోడ వెంట పోతే ఆ వాటం సులువుగానే దొరుకుతుంది. మధ్యలో తలుపు అడ్డం వస్తే పైపు నేలలోకి దిగక తప్పదు. నేల కింద స్లాబు ఉంది, స్లాబులో ఇనుము ఉంది, ఆ కింద ఇంకొకరి ఇల్లు ఉంది. తొలవడానికి వీల్లేదు. అందుకని పైపును స్లాబు మీదే పరిచి, నేలను ఎత్తు చేసి టైల్స్ వేశారు. ఆ ఎత్తుకు అంచే ఆ మెట్టు. ఆమె ఎముక విరగడానికి అంతకు మించిన కారణం ఏదీ లేదు. కొడుకుకు ఉద్యోగం ఇంకా రాలేదు. ఆస్పత్రి ఖర్చు అదనం.

వాస్తు చెప్పేది క్లుప్తంగా ఇది: ఈశాన్యం దేవతల చోటు, అక్కడ మైల పడకూడదు. ఇంకొకాయన దగ్గరికి వెళ్తే ఈశాన్యం జలస్థానం కనుక బేసిన్ అక్కడే ఉండాలంటాడు. ఇద్దరూ శాస్త్రమనే అంటారు. ఇద్దరిలో ఎవరిది తప్పో తేల్చడానికి ఆ శాస్త్రంలో ఏ పరీక్షా లేదు. అద్దం ఉత్తరం గోడకో తూర్పు గోడకో ఉండాలి, నల్ల బేసిన్ కొనకూడదు, కుళాయి కారితే లక్ష్మి కారిపోతుంది. ఇవన్నీ దాని కొనసాగింపులే. మయమతం, మానసారం అని గ్రంథాల పేర్లు చెప్తారు. ఆ గ్రంథాలు రాసిన కాలంలో డక్టు లేదు, వీధిలో మ్యాన్‌హోల్ లేదు. బావి దగ్గర మురుగు చేరకుండా పెద్దలు చెప్పిన జాగ్రత్త ఇదని కొందరు సమర్థిస్తారు. బావి ఉన్న ఇంటికి ఆ జాగ్రత్త అవసరమే, అందుకు దేవతలను తీసుకురానక్కర్లేదు. మూడో అంతస్తుకు నీళ్లు పైనున్న ట్యాంకు నుంచి వస్తాయి, కింద మున్సిపాలిటీ మ్యాన్‌హోల్ ఎక్కడుంటే అక్కడికి పోతాయి.

కుళాయి మాట వచ్చింది కనుక: సెకనుకు ఒక చుక్క కారితే రోజుకు 86,400 చుక్కలు, నాలుగు లీటర్లకు తక్కువ ఉండవు. ఎండాకాలం ట్యాంకర్ కొనే ఊళ్లో ఈ లెక్క చాలదా? లక్ష్మి పేరు చెప్తేనే వాషర్ మార్పిస్తామంటే, పిల్లలకు మనం నేర్పుతున్నది భయమే.

వాసన సంగతి ఇంకా ఘోరం. బేసిన్ మార్చాక ఆ ఇంట్లో మురుగు కంపు మొదలైంది. దానికీ సిద్ధాంతే పరిష్కారం చెప్పాడు: గాజు గిన్నెలో రాళ్ల ఉప్పు పోసి మూల పెట్టమని. నేను వంగి చూస్తే బేసిన్ కింద బాటిల్ ట్రాప్ లేదు, గొట్టాన్ని నేరుగా పైపులోకి దూర్చేశారు. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు వంపు తిరిగిన గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ వంపులో, ఇప్పటి ట్రాప్‌లోనూ, ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉంటాయి. రెండు అంగుళాల నీళ్లు చాలు, మురుగు గాలి ఇంట్లోకి రాకుండా అడ్డుకుంటాయి. వాడని బేసిన్‌లో ఆ నీళ్లు ఆరిపోతే కంపు కొడుతుంది, ఒక మగ్గు నీళ్లు పోస్తే పోతుంది. ఉప్పు గిన్నె ఆ గొట్టాన్ని మూయలేదు. ఆ వాసనలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, మంచాన ఉన్న మనిషి రాత్రంతా అదే పీల్చింది.

బేసిన్ కొనేముందు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. గ్రానైట్ రాయికి కింది నుంచి అమర్చే బేసిన్ అయితే దాని బరువు దేని మీద ఆనుతుంది? సిలికాన్ జిగురు ఒక్కటీ మోయలేదు, కింద బ్రాకెట్లు ఉండాలి. రాయికి, బేసిన్ అంచుకు మధ్య సందులో నల్లటి బూజు పట్టకుండా సిలికాన్ నిండుగా పట్టించాలి, చెడినప్పుడు గీకి మళ్లీ పెట్టించాలి. ఓవర్‌ఫ్లో రంధ్రం ఉందా? కుళాయి మూతి బేసిన్ మధ్యకు వస్తుందా, గోడ వైపు చిమ్ముతుందా? కింద అలమర చేయిస్తే మామూలు ప్లైవుడ్ తడికి ఉబ్బుతుంది. యాంగిల్ కాక్ చెయ్యి అందే చోట ఉందా? రాయి నేల నుంచి 32, 33 అంగుళాల ఎత్తులో ఉంటే నిలబడే పెద్దవాళ్లకు సరిపోతుంది. చక్రాల కుర్చీలో కూర్చునే మనిషి ఉంటే ఎత్తు తగ్గించి, కింద అలమర మానేసి మోకాళ్లకు చోటు వదలాలి. ఆ పెద్దావిడకు ఇప్పుడు కావాల్సింది ఆ బేసిన్. ఆ ఇంట్లో ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు. అందరూ మూల గురించే మాట్లాడుతున్నారు.

ఎంగిలి, మైల అన్న మాటలు వింటే నాకు మా అమ్మమ్మ వాళ్ల ఊరు గుర్తొస్తుంది. వరండా చివర తెల్లటి పింగాణీ బేసిన్ ఉండేది, చుట్టాలు వస్తే చేతులు కడుక్కోవడానికి. కుప్పనూర్పిళ్ల రోజుల్లో మాల మాదిగ పేటల నుంచి వచ్చిన కూలీలు దాని ఛాయలకు రాకూడదు. మధ్యాహ్నం వాళ్లు పెరటి గోడ దగ్గర దోసిళ్లు పట్టి కూర్చుంటే, మా అత్తయ్య చెంబు పైకెత్తి, తగలకుండా దూరం నుంచి పోసేది. సగం నీళ్లు మోచేతుల మీదుగా మట్టిలోకి పోయేవి. వాళ్లలో నా వయసు పిల్ల ఒకతె ఉండేది. నేను బేసిన్ దగ్గర చేతులు కడుక్కుంటుంటే నా చేతుల వైపు చూస్తూ నిలబడేది. మా అత్తయ్య దయగల మనిషి అని ఊరంతా చెప్పుకునేది. దయగల మనిషి చేత కూడా ఆ పని చేయించింది ఈ మైల అనే నమ్మకమే.

1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్ వేలమందితో వెళ్లి, ఇదే మైల పేరుతో తమను రానివ్వని చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ తర్వాత అగ్రకులాలవాళ్లు ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు కుండల కొద్దీ పోసి ఆ చెరువును శుద్ధి చేశారు. మనుషులు తాగితే మైలపడిన నీళ్లు పేడ పోస్తే శుభ్రమయ్యాయని నమ్మిన బుద్ధి ఎటువంటిదో ఆలోచించండి. అంటరానితనం నేరమని రాజ్యాంగం 17వ అధికరణంలో రాసుకున్నాం. ఈశాన్యంలో మైల పడకూడదని ఇంకా ఇళ్లు పగలగొట్టుకుంటున్నాం.

మా అపార్ట్‌మెంటులో ఇళ్ల పని చేసే అమ్మాయి పొద్దున్నే వరసగా ఇళ్లన్నిటిలో బేసిన్లు తోముతుంది. బోరు నీళ్ల ఉప్పు తెల్లగా గట్టిపడితే నిమ్మరసమో వెనిగరో పట్టించి కాసేపు ఉంచి రుద్దితే వదులుతుంది. అంత ఓపిక ఎవరికీ లేదు, యాసిడ్ సీసా ఆమె చేతికిస్తారు, గ్లవ్స్ ఇవ్వరు. ఒకరింట్లో యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ పౌడర్ కూడా చల్లమన్నారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. దగ్గుతూ ఆమె మెట్ల మీద కూలబడితే నీళ్లిచ్చింది వాచ్‌మన్ భార్య. పని అయ్యాక ఆమె చేతులు కడుక్కునేది బాల్కనీలో గిన్నెలు తోమే కుళాయి దగ్గర. తాను తోమిన బేసిన్‌లో ఆమె చెయ్యి పెట్టకూడదు. తుంటి విరిగిన ఆ పెద్దావిడ ఇంట్లోనూ అదే పద్ధతి. పెద్దావిడకు ఇప్పుడు ఒళ్లు తుడుస్తున్నది ఆ అమ్మాయే. తుడిచాక చేతులు కడుక్కోవడానికి బాల్కనీకి నడవాల్సిందే.

వియన్నా జనరల్ ఆస్పత్రిలో 1847లో సెమ్మెల్వైస్ అనే డాక్టరు, శవపరీక్ష గది నుంచి నేరుగా కాన్పుల వార్డుకు వచ్చే వైద్యుల చేత బ్లీచింగ్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించాడు. బాలింతల చావులు బాగా తగ్గాయి. పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు, తమ చేతులు మలినమన్న మాటే వాళ్లకు అవమానంగా తోచింది. 1865లో ఆయన పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. చేతులు కడుక్కునే చోటుకు ఇంట్లో ఏదైనా మహిమ ఉంటే అది ఇదే. ఆ ఇంట్లో తిరిగే ప్రతి మనిషికీ అది అందాలి, సబ్బు కూడా అక్కడే ఉండాలి.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగం 51ఎ(హెచ్)లో ఉంది. ఆ విధి ముందుగా మా వృత్తిలోవాళ్లకు వర్తించాలి. బిల్డర్లు బ్రోషర్ల మీద నూరు శాతం వాస్తు అని అచ్చువేస్తుంటే మా ఇంజనీర్లు ప్లాన్ల కింద సంతకాలు పెడుతున్నారు. బేసిన్ మార్చమన్నప్పుడు వాటం పోతుందని, మెట్టు వస్తుందని, ముసలివాళ్లు పడతారని కాగితం మీద రాసి ఇవ్వాలి. సిద్ధాంతిని కూడా రాసిమ్మని అడగండి: ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు మారిస్తే ఏ ఫలితం ఎన్నాళ్లలో వస్తుందో, రాకపోతే పగలగొట్టిన ఖర్చు ఎవరు భరిస్తారో. ప్లంబరు లీకయితే వచ్చి మళ్లీ చేస్తానంటాడు, టైల్స్ మేస్త్రి ఊడితే వేసిస్తానంటాడు. మూడో అంతస్తు సిద్ధాంతిని నేనే ఫోన్ చేసి అడిగాను. అలాంటివి రాసివ్వడం ఆనవాయితీ కాదని పెట్టేశాడు.