ఇంటి ఓనరే దయ్యమైతే



"సార్, చెప్పేది సాహిత్యం, చూసేది చెత్త హారర్ సినిమాలా?" అని మొన్న ఒక విద్యార్థి నవ్వాడు. ఈసారి రాస్తున్నది దానికి జవాబే.

వెస్ క్రేవెన్ 1991లో 'ది పీపుల్ అండర్ ది స్టెయిర్స్' అనే సినిమా తీశాడు. మనలో చూసినవాళ్లు తక్కువ. అమెరికాలో నల్లవాళ్ల బస్తీ. పదమూడేళ్ల పిల్లాడు, పేరు ఫూల్. అమ్మకు క్యాన్సర్. అద్దె ఆలస్యమైందని ఇల్లు ఖాళీ చేయమంటారు. ఓనర్ల ఇంట్లో దొంగతనానికి వెళ్లి ఫూల్ లోపలే ఇరుక్కుంటాడు. నేలమాళిగలో ఎత్తుకొచ్చిన పిల్లలు బందీలుగా ఉంటారు. ఎదురు మాట్లాడిన ఒకడికి నాలుక కోసేశారు. అదే ఇంట్లో గుట్టలుగా బంగారు నాణేలు. ఓనర్ల నోట మాత్రం ఎప్పుడూ దేవుడు, శుభ్రత. పోలీసులు వస్తే మర్యాదలు చేసి పంపేస్తారు. పోలీసులూ నమ్ముతారు.

ఇంత ఘోరంలోనూ నవ్వొస్తుంది. ఆ పెద్దమనిషి నల్ల తోలు సూటు తొడుక్కుని, తన ఇంటి గోడల్నే తుపాకీతో కాలుస్తూ పరిగెడుతుంటే నవ్వక ఏం చేస్తాం?

ఉద్యోగం వచ్చిన కొత్తలో నేనూ టు-లెట్ బోర్డుల వెంట తిరిగాను. ఒక పెద్దావిడ మంచినీళ్లిచ్చింది, లెక్చరర్ అంటే సంతోషించింది. తర్వాత "మీరేమిట్లు బాబూ?" అంది. చెప్పాను. "మా అబ్బాయిని అడిగి ఫోన్ చేస్తా" అంది. ఫోన్ రాలేదు. బోర్డు నెలరోజులు అలాగే వేలాడింది. నాకు కోపం కంటే ముందు సిగ్గేసింది, తప్పు నాదే అయినట్టు. ఈ సినిమా చూసిన రాత్రి ఆ సిగ్గు పోయింది. మర్యాద వెనక ఉన్న ఇంటిని లోపలినుంచి చూసి నవ్వగలిగాను.

మన హారర్ కామెడీల్లో ఎక్కువగా వణికేది వాచ్‌మన్, వంటమనిషి. హాలంతా నవ్వేది వాళ్ల భయాన్ని చూసి. బంగళా ఓనర్ పరువుకు చీమైనా కుట్టదు. క్రేవెన్ సినిమాలో నవ్వులపాలయ్యేది ఓనరే.

లోపాలు లేవనను. దర్శకుడు తెల్లవాడు. చివర్లో ఇల్లు పేలి, డబ్బంతా బస్తీ జనం మీద కురవడం మరీ సులువైన ముగింపు. అద్దె బాధ అలా తీరదు. 2017లో జోర్డాన్ పీల్ అనే నల్లజాతి దర్శకుడు 'గెట్ అవుట్' తీసి, మర్యాదస్తుల ఇల్లు ఎంత భయంకరమో తన వైపునుంచి చూపించాడు.

మన కన్నీళ్లు మనం రాసుకున్నాం, ఇంకా రాయాలి. వాళ్లను చూసి మనం నవ్వే కథలే తక్కువ. మీలో ఎవరైనా మొదలుపెట్టండి. టు-లెట్ బోర్డు, మంచినీళ్ల గ్లాసు, "మీరేమిట్లు?" అనే ఒక్క ప్రశ్న చాలు. దయ్యానికి మేకప్ కూడా అక్కర్లేదు.

జై భీమ్.