ఫైలు మోయాల్సింది ఆమె కాదు

దొర్నిపాడు నుంచి లెక్క మొదలుపెడదాం. ఆళ్లగడ్డ నియోజకవర్గంలో ఒక చిన్న మండల కేంద్రం. అక్కడ కూలికి పోయే ఒక సుగాలి ఆడబిడ్డ మీద అత్యాచారం జరిగిందనుకోండి. జరిగిందని చెప్పడం లేదు, అనుకోమంటున్నా. ఆమె యాడికి పోవాల?

ఫిర్యాదు మండల స్టేషన్లో. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు కాబట్టి దర్యాప్తు డీఎస్పీ చేయాలి, ఆ ఆఫీసు ఆళ్లగడ్డలో. వైద్య పరీక్షకు ఆళ్లగడ్డలో ఆడ డాక్టరు దొరక్కపోతే నంద్యాల పెద్దాసుపత్రి. సాయం డబ్బుల ఫైలు నంద్యాల కలెక్టరేట్లో. జిల్లా న్యాయసేవాధికార సంస్థ మాత్రం కర్నూలులో. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయింది గానీ జిల్లా కోర్టు విడిపోలేదు మరి.

పోయిన ప్రతిచోటా అదే సంగతి మొదటినుంచి చెప్పాలి. ప్రతిసారీ ఒకరోజు కూలి పోతుంది. ఆడవాళ్లకు బస్సు ఉచితమే కదా అంటారేమో. తోడు వచ్చే నాయనకు, మొగుడికి ఉచితం కాదు. ఇంత తిరుగుడులో ఒక ఆఫీసు కాగితాన్ని ఇంకో ఆఫీసుకు చేర్చే బంట్రోతు ఎవరు? ఆమే. సర్కారు భాషలో 'సమన్వయం' అనే మాటకు అర్థం ఇదీ.

చట్టంలో లేదా అంటే, ఉంది. బాగానే ఉంది. అత్యాచారాల నిరోధక చట్టం నిబంధనల ప్రకారం బాధితురాలికి, సాక్షులకు దారిఖర్చులు, దినభత్యం ఇవ్వాలి. తక్షణ సాయం 7 రోజుల్లో అందాలి. 2016 సవరణ తర్వాత అత్యాచారానికి 5 లక్షలు, సామూహిక అత్యాచారానికి 8.25 లక్షల రూపాయలు. వైద్య పరీక్ష అయ్యాక సగం, ఛార్జిషీటు కోర్టుకు పోయాక పావు, కింది కోర్టులో విచారణ ముగిశాక మిగతా పావు. శిక్ష పడేదాకా ఆగాలని ఎవరైనా చెబితే అది అబద్ధం. అసలు నేరస్థుడు ఎవరో తెలియకపోయినా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వైద్యం చేయం పొమ్మన్న ఆసుపత్రి యజమాన్యానికి, ప్రైవేటు ఆసుపత్రి అయినా సరే, జైలు శిక్ష ఉంది.

ఇవన్నీ ఆమెకు ఎవరు చెబుతారు? ఏ ఆఫీసుకు ఆ ఆఫీసు 'మా పని అయిపోయింది' అంటుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. ఢిల్లీ ఘటన తర్వాత 2013 బడ్జెట్లో 1000 కోట్లతో నిర్భయ నిధి పెట్టారు. ఆ నిధిలోంచి సేఫ్ సిటీ పేరుతో హైదరాబాదుతో సహా 8 మహానగరాలకు పథకాలు పోయాయి. కెమెరాలు, కంట్రోల్ రూములు, రైల్వే స్టేషన్లలో మళ్లీ కెమెరాలు. కెమెరా వద్దని మేం అనడం లేదు. కానీ కెమెరా ఆమె పక్కన ఆసుపత్రి బెంచీ మీద కూర్చోదు. నల్లమలలో చెంచు పెంటకు కెమెరా రాదు, సేఫ్ సిటీ అసలే రాదు.

మనిషి సాయం చేసే పథకానికి మాత్రం చెయ్యి వణికింది. బాధితురాలికి వైద్యం, పోలీసు, వకీలు, కౌన్సెలింగ్, తలదాచుకునే చోటు ఒకే గడప కింద ఇచ్చే సఖి కేంద్రాలను 2015లో తెచ్చారు. మొదటి విడతలో దేశం మొత్తానికి 36, అంటే రాష్ట్రానికి ఒకటి! తర్వాత జిల్లాకు ఒకటి అన్నారు. కేంద్రమే మొత్తం ఖర్చు భరించే పథకం ఇది. అయినా అందులో పనిచేసే ఆడవాళ్లు ఒప్పంద ఉద్యోగులే. నిండా గాయపడ్డ మనిషిని నిలబెట్టే పని, వచ్చే ఏడాది తన ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషికి అప్పగించాం.

చేతకాక కాదు. 2016లో హైదరాబాదులో భరోసా కేంద్రం పెట్టి వాంగ్మూలం, వైద్యం, న్యాయసాయం ఒక్కచోట పెట్టారు. చేయదలచుకుంటే అయ్యే పనే. ఆ చేయడం నగరంలోనే ఎందుకు మొదలవుతుందన్నదే మా అడుగుడు.

ఆదివాసీ ఆడవాళ్ల విషయంలో వ్యవస్థ చేతులెత్తేస్తే ఏమవుతుందో వాకపల్లి చెప్పింది. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలో, జి.మాడుగుల మండలం వాకపల్లిలో, గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. సుప్రీంకోర్టు 2017లో గట్టిగా చెబితే గానీ విచారణ కదల్లేదు. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను విడిచిపెట్టింది. దర్యాప్తు అధికారులు సరిగా దర్యాప్తు చేయలేదని ఆ తీర్పే చెప్పింది. న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. పదిహేనున్నర ఏళ్లు! తప్పు దర్యాప్తుదని కోర్టే అన్నాక, ఇన్నేళ్లు కొండ దిగి ఎక్కిన ఆ అక్కల కాళ్ల నొప్పికి ఏ పద్దు కింద డబ్బులిస్తారు?

'పథకాలున్నాయి, ఎవరూ రావడం లేదు' అంటారు అధికారులు. వాళ్లు రావాలనే ఎందుకు అనుకోవాలి? చెంచుల కోసం పెట్టిన ఐటీడీఏ సున్నిపెంటలో ఉంది. అహోబిలం దిక్కు పెంటల నుంచి అది ఎంత దూరమో ఒకసారి పటం తీసి చూడండి. మొన్నటిదాకా దిశ అన్నారు, యాప్ అన్నారు. దిశ బిల్లు 2019లో అసెంబ్లీ దాటింది, చట్టం మాత్రం కాలేదు. ఇప్పుడు శక్తి యాప్. బోర్డు మీద పేరు మారినంత సులువుగా పెంటకు సిగ్నలు రాదు కదా.

మేం అడిగేది పెద్దదేం కాదు. కేసు నమోదైన రోజే బాధితురాలికి పేరు, ఫోన్ నంబరుతో ఒక మనిషిని ఇవ్వండి, సుగాలి భాష తెలిసిన మనిషి అయితే ఇంకా మేలు. ఆ మనిషికి బండి, డీజిలు ఖర్చు బడ్జెట్లో విడిగా చూపండి. కాగితాలు ఆమె చేతికివ్వకుండా ఆఫీసు నుంచి ఆఫీసుకు మీరే పంపుకోండి. ఆళ్లగడ్డ ఆసుపత్రిలో ఆడ డాక్టరును పెట్టండి.

చదివే మీకూ ఒక పని ఉంది. నిబంధనల ప్రకారం కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. నంద్యాల జిల్లా పుట్టినప్పటి నుంచి అది ఎన్నిసార్లు కూర్చుంది, ఎంతమంది ఎస్టీ బాధితులకు 7 రోజుల్లో సాయం అందింది, దారిఖర్చుల కింద ఎంత ఇచ్చారు అని సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల దరఖాస్తు. తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. వచ్చినా, రాకపోయినా, ఆ కాగితం ఫోటో తీసి మాకు పంపండి.