తెరచాప యోడల యానవాళ్లు

చిత్రపటములలో తెరచాప లెత్తిన యోడను జూచి పిల్లలు "ఇది యేమి యోడ?" యని యడిగినపుడు, "పెద్ద యోడ" యని చెప్పి యూరకుందుము. అంచును జూచినంతనే యిది గద్వాల చీర, యిది వెంకటగిరి చీర యని చెప్పగల మన సోదరీమణులకు ఓడల జాతులను కనిపెట్టుట యేమంత కష్టము కాదు. ఈ నెల దానిని గూర్చి ముచ్చటింతము.

మొదట తెరచాపలను లెక్కింపరాదు. గాలినిబట్టి నావికులు వానిని దించుచు నెత్తుచు నుందురు. చూడవలసినవి ఓడపై నిలిపిన స్తంభములు, వానికి అడ్డముగా గట్టిన కొయ్యలు. అడ్డకొయ్యనుండి వ్రేలాడు చాప, దండెముమీద నారవేసిన చీరవలె ఓడకు అడ్డముగా నుండును. రెండవ రకపు చాప, గుమ్మమునకు తలుపువలె స్తంభము నంటిపెట్టుకొని ఓడ పొడవున నిలుచును. ఈ భేదము తెలిసినచో పని సగమైనట్లే.

మూడు స్తంభములకును అడ్డకొయ్య లున్నచో అది నిండు కట్టు గల యోడ. ఆంగ్ల నావికులు నిక్కముగా "షిప్పు" అని పిలిచినది దీనినే. తక్కినవానికి ఆ గౌరవము లేదు! మూడింటిలో వెనుక స్తంభమునకు మాత్రము అడ్డకొయ్యలు లేకున్నచో బార్కు. మన నౌకాదళమువారి శిక్షణనౌక "తరంగిణి" యిట్టిదే. అది గోవాలో నిర్మింపబడి, 1997లో దళమున జేరి, 2003-04 సంవత్సరములలో భూప్రదక్షిణము చేసి వచ్చినది. ముందు స్తంభమునకు మాత్రమే అడ్డకొయ్య లున్నచో బార్కెంటీను. రెండే స్తంభములుండి రెంటికిని అడ్డకొయ్య లున్నచో బ్రిగ్గు. చాపలన్నియు తలుపులవలె నుండునవి సాధారణముగా స్కూనరులు.

అయితే మనుష్యులవలె ఓడలును కట్టు మార్చుట కలదు. అప్పుడు గుర్తించుటకు వేఱొక కన్ను కావలెను. ఇందుకు "కట్టీ సార్క్" కథయే తార్కాణము.

చీనాదేశమునుండి లండనునకు తేయాకును అందఱికంటె ముందు చేర్పవలెనని కట్టిన యోడ యది. స్కాట్లండులోని డంబార్టనున 1869 నవంబరు 22వ తేదీన దానిని నీట దింపిరి. దాని దురదృష్ట మేమనవలెను! అంతకు అయిదు దినములకు ముందే సూయజు కాలువ తెఱవబడినది. పొగయోడలు ఆ దగ్గఱి త్రోవను బట్టినవి. తెరచాప యోడలకు అది యనుకూలము గాదు. కట్టీ సార్క్ ఎనిమిది పర్యాయములు మాత్రమే తేయాకు మోసి, తరువాత ఆస్ట్రేలియా ఉన్ని మోయుటలో వడికి పేరుగాంచెను. పేరునకు అర్థము వినిన మీరు నవ్వుదురు: "పొట్టి లోచొక్కా". రాబర్టు బర్న్సు కవి కావ్యమున నొక మంత్రగత్తె యట్టి చొక్కా ధరించి, పాఱిపోవువాని గుఱ్ఱపు తోకను బట్టుకొనును. ఓడ ముక్కున చెక్కినది ఆమె బొమ్మయే; చేతిలో తోకయు గలదు.

1895లో దానిని పోర్చుగీసువారు కొని "ఫెరీరా" యని పేరు మార్చిరి. 1916లో తుపానున స్తంభములు పోగా, బార్కెంటీనుగా మార్చి కట్టిరి. పాతపేరును లేదు, పాతకట్టును లేదు. అట్టి స్థితిలో 1922లో ఇంగ్లండులోని ఫాల్మతు రేవున జేరగా, డౌమన్ అను కెప్టెను చూచి గుర్తుపట్టెను. 1894లో, పడుచుతనమున దాను పనిచేయు నోడను దాటి యది దూసికొనిపోవుట యాతడు చూచియుండెను. ఆ యందము మఱవలేదు కాబోలు! ఆతడు దానిని కొని, పాతపేరును పాతకట్టును మరల గలిగించెను.

రక్షించినవాడని ఆతని పేరే విరివిగా వినబడును. ఆతని భార్య కాథరిను పేరును మన మిచ్చట చెప్పుకొనవలెను. భర్త 1936లో గతింపగా, ఆమె 1938లో ఆ యోడను నావికవిద్య నేర్పు కళాశాలకు అప్పగించెను. ఆ పని చేయకున్నచో దాని గతి యేమయ్యెడిదో!

1954లో గ్రీనిచ్చిలో నీరులేని రేవున దానిని నిలిపిరి. 2007లో మరమ్మతులు జరుగుచుండగా నిప్పంటుకొన్నది. స్తంభములను, ముక్కుబొమ్మను అంతకుముందే విప్పి వేఱొకచోట నుంచుటచే అవి దక్కినవి. 2012లో మరల ప్రజలకు తెఱచిరి. ఇప్పుడు ఓడను పైకెత్తి నిలిపియుండుటచే, చూడవచ్చినవారు దాని యడుగున నడచుచు తల యెత్తి చూడగలరు.