విషాదం తర్వాతి వాక్యం

మీరెప్పుడైనా గమనించారా? మన వార్తల్లో ఎవరు చనిపోయినా చివరి వాక్యం మాత్రం దాదాపు ఒకటే. "గ్రామంలో విషాద ఛాయలు అలుముకున్నాయి." పిడుగు పడినా అదే, చెరువులో పిల్లలు మునిగిపోయినా అదే, పెళ్లి వ్యాను బోల్తా పడినా అదే. పేరు, ఊరు, వయసు మారతాయి. ఛాయలు మారవు. మా ఉద్యోగ భాషలో దీన్ని టెంప్లేట్ అంటాం. ఖాళీలు పూరించి పంపేయడమే!

నేనూ దీనిమీద చాలాకాలం జోకులేశాను. రెండేళ్ల క్రితం ఆ ఖాళీలో నా స్నేహితుడి పేరు వచ్చేదాకా.

మాది గుంటూరు వైపు పల్లెటూరు. రోడ్డు వేస్తామని తెచ్చిన కంకరని మలుపులో కుప్పపోసి వదిలేశారు. అక్కడ లైటు లేదు, కనీసం ఒక ఎర్రజెండా లేదు. రాత్రి డ్యూటీ దిగి బైకు మీద వస్తూ వాడు ఆ కుప్పెక్కి పడిపోయాడు. మర్నాడు జిల్లా పేజీలో ఐదు లైన్లు వచ్చాయి. బైకు అదుపు తప్పి యువకుడు మృతి అని. ఆఖర్న మామూలే, విషాద ఛాయలు.

వాళ్లమ్మ ఆ ముక్క కత్తిరించి దాచుకుంది. పదోరోజున వెళ్తే నాచేత మళ్లీ చదివించుకుంది. అంతా విని, "అన్నీ రాశారు గానీ ఆ కంకర సంగతి రాయలేదేం అబ్బాయ్?" అంది. ఏం చెప్పను? ఆ కుప్ప అప్పటికీ అక్కడే ఉంది.

నిజానికి విషాదం చాలా బరువైన మాట. సంస్కృతంలో 'సద్' ధాతువు నుంచి వచ్చింది. కుంగిపోవడం, కూలబడటం అని అర్థం. భగవద్గీత మొదటి అధ్యాయం పేరే అర్జున విషాద యోగం. దాని చివర అర్జునుడు విల్లు పక్కన పడేసి రథంలో కూలబడతాడు. కానీ కథ అక్కడ ఆగిపోలేదు కదా. ఇది నీకెక్కడి నుంచి వచ్చిందని కృష్ణుడు అడిగాడు. ఇంకో 17 అధ్యాయాలు నడిచాయి.

మన వార్త మాత్రం విషాదం దగ్గరే ఆగిపోతుంది. ఛాయ అంటే నీడ. అలుముకోవడం అంటే మబ్బు కమ్మినట్టు, పొగ పట్టినట్టు. మబ్బుని ఎవరూ తీసుకురారు, దానంతటదే వస్తుంది. ఆ వాక్యం చదివితే చావు కూడా అలాగే వచ్చిందనిపిస్తుంది. ఎవరి తప్పూ కనపడదు.

మా ఆఫీసులో సర్వర్ పది నిమిషాలు ఆగిపోతే రిపోర్టు రాయాలి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరక్కుండా ఎవరు ఏం చేస్తారు, ఏ తేదీలోగా చేస్తారు. "సర్వర్ రూములో విషాద ఛాయలు అలుముకున్నాయి" అని రాసిస్తే మా మేనేజర్ ఊరుకుంటాడా? సర్వర్‌కి దక్కే ఆ మర్యాద పాతికేళ్ల మనిషికి దక్కకపోతే ఎలా?

విలేకరుల్ని తిట్టాలని కాదు. మా మండలంలో వార్తలు రాసే మిత్రుడితో ఈ మాటే అంటే, "సాయంత్రంలోపు ఆరు వార్తలు పంపాలిరా. ఆ లైను నేను రాయకపోయినా డెస్కువాళ్లే కలుపుతారు" అని నవ్వేశాడు. అయితే వాళ్లమ్మ అడిగిన మాట చెప్పగానే నవ్వు ఆపేశాడు. ఆ వారమే కంకర కుప్పని ఫొటో తీసి నాలుగు లైన్లు రాసి పంపాడు. అచ్చయింది. మూడోరోజుకి కుప్ప ఎత్తేశారు. ఆ నాలుగు లైన్లలో విషాదం అన్న మాటే లేదు.

విషాదం అని రాయొద్దని నేననను. రాయండి. కాకపోతే దాని తర్వాత ఇంకొక్క వాక్యం కూడా రాయండి. ఎందుకు జరిగిందో చెప్పే వాక్యం.