జొన్నన్నం తిన్నవాళ్లకే ఎందుకొచ్చింది?

నడుం వంగిపోయి, మెడ తిప్పలేక అవస్థ పడే మనిషి నల్గొండ జిల్లాలో కనిపిస్తే కారణం ఎవరైనా చెప్పేస్తారు... ఫ్లోరైడ్ నీళ్లు! కానీ 1970ల్లో అక్కడ ఇంకో బాధ బయటపడింది. ఎదిగే పిల్లల్లో మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒరుసుకునేవి. పాదాలు ఎడంగా జరిగిపోయేవి. ఫ్లోరైడ్ నీళ్లు తాతల కాలం నుంచీ తాగుతున్నవే. మరి ఈ దొడ్డికాళ్లు కొత్తగా ఎక్కడివి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఆరా తీశారు. బాధితుల్లో ఎక్కువమంది జొన్నలు తినేవాళ్లే! ఆ నేలలో పండిన జొన్నల్లో మాలిబ్డినం అనే లోహం ఎక్కువగా ఉంది. నాగార్జునసాగర్ నిండాక చుట్టుపక్కల భూగర్భజలం పైకొచ్చింది, నేలలో క్షారగుణం పెరిగింది. అలాంటి నేలలో పైరు మాలిబ్డినాన్ని ఎక్కువగా పీల్చుకుంటుందని వాళ్ల వివరణ.

ఒంట్లో మాలిబ్డినం ఎక్కువైతే రాగి నిలవదు, మూత్రంలో పోతుంది. ఎముకలోని కొలాజెన్ పోగులను బిగించి కట్టే ఎంజైమ్‌కి ఆ రాగే ఆధారం. కట్టు వదులైతే, ఒంటి బరువుకి లేత ఎముక వంగుతుంది. అంటే తప్పు జొన్నది కాదు, నేలది. నీళ్లలో ఒకటి ఎక్కువై, తిండిలో ఇంకొకటి ఎక్కువై... రెండూ కలిసి ఎముకను దెబ్బతీశాయన్నమాట.

క్యాల్షియం సంగతీ అంతే. అది చాలినంత ఉంటే పేగుల్లోనే కొంత ఫ్లోరైడ్‌ని పట్టేసి బయటికి పంపేస్తుంది. లేకపోతే ఫ్లోరైడ్ నేరుగా ఎముకలోకి చేరుతుంది. అందుకే...

* బోరు నీళ్లు తాగేవాళ్లు పరీక్ష చేయించుకోవాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది. 1.5 దాటితే తాగకూడదు.

* మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

* పిల్లల పళ్లపై సుద్దలాంటి తెల్లమచ్చలు, గోధుమరంగు చారలు కనిపిస్తే నీటిని అనుమానించాలి.

* పాలు, పెరుగు, నువ్వులు, మునగాకు రోజూ ఉండాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది.

* చింతపండు తిన్న పిల్లల్లో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయినట్లు పరిశోధనల్లో తేలింది. పులుసు మానక్కర్లేదు!

ఒకసారి గట్టిపడి వంగిన ఎముకను మందులు సరిచేయలేవు. జాగ్రత్త పడాల్సింది పిల్లలు ఎదిగే వయసులోనే.