వైద్యశాల చాలునను వాదము

సింహాద్రిపురము మొదలు పులివెందుల వఱకు ఏ రచ్చబండయొద్ద ప్రజారోగ్యపు ప్రసక్తి వచ్చినను, చదువుకొన్నవారు సైతము నిస్సంశయముగ పలుకు మాట యొకటి కలదు: పరిశోధన సంపన్నదేశముల విలాసమనియు, మనబోటి బీదవారికి కావలసినది ఆసుపత్రియు, మందులును, ఖరీదైన చికిత్సకు సర్కారు అండయు మాత్రమే యనియు, వ్యాధుల సంగతి లోకమున ఎవరో తేల్చియే యున్నారు గనుక దానిని ఇచట అమలుపఱచిన చాలుననియు. 2007లో, బీదల ఖరీదైన చికిత్సకు సర్కారు అండయగు ఆరోగ్యశ్రీ పథకమును నెలకొల్పిన ముఖ్యమంత్రి ఈ పులివెందులనుండి ఎన్నికైనవారే యగుటచేత, ఆ పథకపు కార్డు విలువ నెఱిగిన ఈ సీమవారికి ఈ వాదము మఱింత ప్రియమగుట సహజము. ఆ పథకమును నేను తక్కువ చేయను. అయినను ఈ వాదము తప్పు; తప్పు మాత్రమే గాదు, హానికరము.

1937లో షార్టు, పండిట్, రాఘవాచారి అను మువ్వురు పరిశోధకులు, నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతములందు, పలువరుసపై గోధుమవన్నె చారలతో పెరిగి, వయసు మళ్లకమునుపే మెడయు నడుమును బిగిసిపోయిన జనులను పరీక్షించి, ఆ వైకల్యమునకు త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని మన దేశమున మొదటిసారిగ ప్రకటించిరి. ఎముకలలో ఒకమాఱు స్థిరపడిన ఆ వ్యాధిని ఏ ఆసుపత్రియు వెనుకకు త్రిప్పజాలదు. బాల్యమున చెడిన పంటిపింగాణి మరల రాదు. నీటి సంగతి ముందుగా తెలిసినవాడే బ్రతికిపోవును. చికిత్స ఓడిపోవు చోటనే పరిశోధన యొక్క అవసరము మొదలగుచున్నది.

తేలినదానినే అమలుచేయుదమనువారు ఇంకొకటి ఆలోచింపవలెను. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడును హద్దుగా చెప్పిన ప్రపంచ ఆరోగ్యసంస్థయే, జనులు త్రాగు నీటి పరిమాణమును లెక్కగట్టి ఏ దేశమునకు తగిన హద్దును ఆ దేశమే నిర్ణయించుకొనవలెనని కూడ చెప్పినది. దంతరక్షణకై నీటిలో ఫ్లోరైడు కలుపుకొను అమెరికావారు 1962లోనే, ఉష్ణప్రాంతములకు 0.7 అనియు, చలిప్రాంతములకు 1.2 అనియు కొలతను మార్చుకొనిరి. మే నెల యెండలో చీనీతోటలో పాదులు చేయు కూలి దినమున కెన్ని చెంబుల నీరు త్రాగునో, ఆ నీటనే కెలికిన సంగటితో ఎంత ఫ్లోరైడు ఆతని కడుపులోనికి పోవునో జెనీవాలో కూర్చుండి ఎవరును చెప్పజాలరు. వందల అడుగుల లోతు బోర్లపై బ్రతుకు ఈ సీమయందే ఆ లెక్క కట్టవలెను. 1973లో జాతీయ పోషకాహారసంస్థవారు నల్లగొండ జిల్లాలో మోకాళ్లు లోపలికి వంగిన పిల్లలను చూచి, ఫ్లోరైడు పీడ యొక్క ఆ రూపమును వర్ణించినది, ఆ యూళ్లకు పోయి చూచుటచేతనే గదా!

పల్లెటూరివానికి గుండెజబ్బు రాదు, అది పట్నవాసుల వ్యాధి యనునదియు ఇట్టి నమ్మకమే. 2003-04లో ఉభయగోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, ఆరోగ్యకార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి, మరణించినవారి చివరి దినముల లక్షణములను బంధువులను అడిగి వ్రాసికొనగా, మరణములలో సుమారు మూడవవంతు గుండెకును రక్తనాళములకును సంబంధించిన వ్యాధులవలననే యని తేలినది. అంటువ్యాధులది ఎనిమిదవవంతు మాత్రమే. ఆ లెక్క లేకయే పల్లెలో వైద్యశాల కట్టినవారు దానిలో ఏ మందులు నిలువయుంచవలెనో ఎట్లెఱుగుదురు?

పరిశోధన పేరిట బీదలను వంచించుటయు జరిగినదనువారి మాట మాత్రము నేను కొట్టివేయజాలను. ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా ప్రదర్శన కార్యక్రమములో, వసతిగృహముల వార్డెనులు తల్లిదండ్రులకు మారుగా సమ్మతిపత్రములపై సంతకములు చేసిరని విచారణలో బయటపడినది. 2010లో ఆ కార్యక్రమము నిలిపివేయబడెను. అది సిగ్గుచేటు. కాని ఆ అన్యాయమునుండి నేర్వవలసినది, అడిగి, ఒప్పించి, ఫలితమును సమ్మతి ఇచ్చినవారికే తిరిగి చెప్పు పరిశోధన కావలెనని. పరిశోధనయే వలదని కాదు.

ఈ పులివెందుల నియోజకవర్గములోనే, వేముల మండలమందలి తుమ్మలపల్లె యురేనియము గనియొద్ద, వ్యర్థపు చెఱువువలన తమ బోర్లు చెడినవని రైతులును, అట్టిదేమియు లేదని గనిని నడుపు సంస్థయు వాదించుచున్నారు. ఉభయులకును చెందని చేతులు ఏండ్ల తరబడి ఆ నీటిని, ఆ జనుల మూత్రపిండములను పరీక్షించి వ్రాసినగాని ఈ తగవు తీరదు. ఆసుపత్రిలో ఎన్ని మంచములు వేసినను తీరదు. ఆ పనికి తగిన కడపలో వైద్యకళాశాలయు, యోగివేమన విశ్వవిద్యాలయమును, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీయు, పులివెందులలో ఇంజనీరింగు కళాశాలయు ఉన్నవి. ఆ విద్యార్థులచే ప్రతి గ్రామపు బోరునీటిని వేసవి కొకమాఱు, వానలవెనుక నొకమాఱు కొలిపించి, బడిపిల్లల పలువరుసను ఏటేట చూపించి, ఆ ఫలితమును గ్రామ సచివాలయపు గోడపై తెలుగున అంటించుట అసాధ్యమనువారు, అది ఎందువలన అసాధ్యమో ఆ నీరు త్రాగువారి యెదుట నిలిచి చెప్పవలెను.